రక్తంలో కాల్షియం సరిగానే ఉంది... మరి ఎముకల నొప్పులెందుకు?

ప్రశ్న: నా వయసు 34. బరువు తగ్గాలని ఏడాదిగా రోజుకు ఒక పూటే భోజనం చేస్తున్నాను. పాలు, పెరుగు, గుడ్లు పూర్తిగా మానేశాను. పగలంతా ఆఫీసు గదిలోనే పని. నాలుగు నెలలుగా నడుము, తుంటి, కాళ్లు ఒకటే సలుపు. కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతున్నాను. రక్తపరీక్షలో విటమిన్-డి 8, కాల్షియం 9.1 వచ్చాయి. కాల్షియం నార్మల్‌గా ఉంది కాబట్టి ఎముకలు బాగున్నట్టేనా? విటమిన్-డి మాత్రలు వేసుకుంటే సరిపోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: రక్తంలో కాల్షియం 9.1 ఉన్నంత మాత్రాన ఎముకలు బాగున్నాయని చెప్పలేమండి. శరీరంలోని కాల్షియంలో సుమారు 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా స్వల్పం. అయితే గుండె, కండరాలు, నరాలు పనిచేయాలంటే ఆ స్వల్పభాగం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండి తీరాలి కాబట్టి, తిండి ద్వారా కాల్షియం అందనప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేసి, ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి చేరుస్తాయి. అదే హార్మోన్ వల్ల ఫాస్ఫరస్ మూత్రంలో పోతుంది. ఎముక గట్టిపడటానికి ఈ రెండూ కావాలి. అంటే రిపోర్టులో అంకె చక్కగా కనిపిస్తున్నా, ఎముకల్లో నిల్వ తరిగిపోతూనే ఉండవచ్చు.

విటమిన్-డి తగినంత ఉన్నప్పుడు మనం తిన్న కాల్షియంలో 30 నుంచి 40 శాతం దాకా పేగులు పీల్చుకోగలవు. అది లేనప్పుడు 10–15 శాతం మాత్రమే ఒంటికి పడుతుంది. మీ విషయంలో తినే కాల్షియమే తక్కువ, విటమిన్-డి 8 అంటే బాగా తక్కువ కాబట్టి అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. ఈ రెండు లోపాలూ కలిసి ఏడాది పాటు కొనసాగాయి.

ఎముక జీవితాంతం పాతది కరుగుతూ, కొత్తది ఏర్పడుతూ ఉండే కణజాలం. ముందు కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో అల్లిక తయారవుతుంది, ఆ తర్వాత దాని మీద కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు చేరి గట్టిపడుతుంది. విటమిన్-డి లోపం తీవ్రమైతే అల్లిక అలాగే మెత్తగా ఉండిపోతుంది. పిల్లల్లో దీన్ని రికెట్స్ అనీ, పెద్దల్లో ఆస్టియోమలేసియా అనీ అంటాం. మోకాలి కింద, కాలి ముందు భాగంలో చర్మానికి ఆనుకుని ఉండే ఎముకను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. అక్కడ కలుక్కుమంటే ఈ అనుమానం బలపడుతుంది. తుంటి, తొడ కండరాలు కూడా బలహీనపడతాయి కాబట్టే మీకు లేవడానికి చెయ్యి ఊతం కావలసి వస్తోంది. ఇలాంటివారిని అలసట అనో, కీళ్లవాతం అనో నెలల తరబడి నొప్పిమాత్రలతో సరిపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఇది దాదాపు పూర్తిగా నయమయ్యే సమస్య.

దీన్నీ, ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌నూ ఒకటిగా చూడకూడదు. సాంద్రత పరీక్షలో రెండింటిలోనూ అంకె తక్కువగానే రావచ్చు. విటమిన్-డి లోపాన్ని సరిచేయకుండా ఎముకల అరుగుదలను ఆపే మందులు మొదలుపెడితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది.

మాత్రలతోనే సరిపోదు. అల్లికకు కావలసిన ప్రొటీన్ మీ ఒక్క పూట భోజనంలో అందడం కష్టం. వేగంగా బరువు తగ్గడం వల్ల కూడా ఎముక తరుగుతుంది. మీరు రాయలేదు గానీ, నెలసరి తప్పుతోందా, ఆలస్యమవుతోందా అన్నది మీ డాక్టరుకు తప్పక చెప్పండి. తిండి బాగా తగ్గినప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో ఎముకకు ఉన్న రక్షణ పోతుంది. రోజుకు సుమారు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా, ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా మళ్లీ తినడం మొదలుపెట్టండి. పాలు, పెరుగు, గుడ్లు మానేయడానికి వైద్యపరమైన కారణం లేకపోతే తిరిగి తీసుకోండి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఫాస్ఫరస్, క్రియాటినిన్, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు చేయించుకుని ఎముకల డాక్టరును గానీ, ఎండోక్రినాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) గానీ కలవండి. కాలు మోపినప్పుడు గజ్జల్లో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఎక్స్‌రే తీయించుకోండి, మెత్తబడిన ఎముకలో సన్నటి చీలిక ఉండవచ్చు.

విటమిన్-డిని సాధారణంగా 6 నుంచి 8 వారాలు వారానికొకసారి పెద్ద మోతాదులో ఇచ్చి, తర్వాత రోజువారీ చిన్న మోతాదుకు మారుస్తారు. కొవ్వులో కరిగేది కాబట్టి భోజనంతో పాటు వేసుకోండి. నొప్పి తగ్గిందని మానేయడం, తగ్గలేదని పెద్ద మోతాదును మీ అంతట మీరే పొడిగించడం, రెండూ తప్పే. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాల్షియం మాత్రను ఐరన్, థైరాయిడ్ మాత్రలతో కలిపి వేసుకోవద్దు. కిటికీ అద్దం వెనక నుంచి పడే ఎండతో విటమిన్-డి తయారు కాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. చేతులకు, కాళ్లకు నేరుగా ఎండ తగలాలి, కానీ చర్మం కందేదాకా నిలబడకూడదు.

చికిత్స మొదలైన కొన్ని వారాల్లోనే సలుపు తగ్గుతుంది. కండరాలకు బలం రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా జారిపడకుండా జాగ్రత్తగా ఉండండి. మూడు నెలల తర్వాత పరీక్షలన్నీ మళ్లీ చేయించుకుని, ఆ రిపోర్టులను మీ డాక్టరుకు చూపించాకే మోతాదు మార్చండి.