టార్చిలో జంట సెల్స్: ఒక్కటి మారిస్తే చాలా?

ప్రశ్న: టార్చిలో రెండు రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ వాడుతున్నాను. రాత్రంతా చార్జింగ్ పెట్టినా వెలుగు తొందరగా తగ్గిపోతోంది. ఒకటే పాడైంది, అది మారిస్తే చాలని షాపతను అన్నాడు. నిజమేనా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఒక్కటే మార్చకండమ్మా, రెండూ మార్చండి. టార్చిలో సెల్స్ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి రెండింటి గుండా పోయే కరెంటు ఒకటే. ముసలి ఎద్దు పక్కన కోడెను కట్టినట్టు, పాతది ముందే అలసిపోతుంది. అప్పటికీ టార్చి ఆర్పకపోతే, ఇంకా బలమున్న సెల్ ఆ ఖాళీ సెల్ గుండా కరెంటు తోస్తూనే ఉంటుంది. దాంతో ఖాళీ సెల్‌లో ప్లస్, మైనస్ తారుమారవుతాయి. రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ ఎక్కువగా నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే రకం; వాటికి ఇది చాలా చేటు. అందుకే వెలుగు మసకబారగానే ఆర్పేయండి.

నేనైతే కొన్న రోజే జతలోని రెండింటి మీదా ఒకే అక్షరం, కొన్న నెల మార్కర్‌తో రాస్తాను. వాడటం, చార్జింగ్ పెట్టడం, పక్కన పెట్టడం అన్నీ జంటగానే. సెల్ మీద ఎంఏహెచ్ అని ఉండేది అందులో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె; 2000 ఎంఏహెచ్ సెల్‌తో 1300ది కలపను. మామూలు సెల్‌తో అసలే కలపకూడదు.

చార్జర్ కూడా చూడండి. చౌకవి చాలావరకు రెండింటినీ కలిపే చార్జ్ చేస్తాయి. ఒక్కో సెల్‌ను విడిగా గమనించే రకం కొంచెం ఖరీదైనా అదే కొనండి.

జతలో బాగున్న సెల్‌ను పారేయొద్దు. ఒకే సెల్‌తో నడిచే గోడ గడియారానికి పనికొస్తుంది.