వ్యాసం నేర్పాలా, పరీక్షకు తయారు చేయాలా?

ప్రశ్న: నేను ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు భాష బోధిస్తున్నాను. వచ్చే టర్ములో వారికి ప్రామాణిక పరీక్ష ఉంది. అందులో ఒక గద్యభాగం చదివి బహుళైచ్ఛిక ప్రశ్నలకు జవాబులు గుర్తించడంతో పాటు, నిర్ణీత సమయంలో ఒక వ్యాసం కూడా రాయాలి. పిల్లలందరూ ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని శీర్షికలు పెట్టి చక్కగానే రాస్తారు గాని, ఎవరిది చదివినా ఒకే వ్యాసం చదివినట్టుంటుంది. వ్యాసరచన పక్కనపెట్టి నమూనా ప్రశ్నపత్రాలు చేయించమని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ తోటివారి సలహాలో తప్పు లేదు, తొందర మాత్రం ఉంది. నమూనా పత్రాలు పరీక్ష తీరును పరిచయం చేస్తాయి, గడియారం చూస్తే కలిగే బెరుకును పోగొడతాయి. అంతవరకు వాటితో ప్రయోజనం ఉంది. అయితే రాయడం రాని పిల్లవాడు పది నమూనా పత్రాలు రాసినా పదిసార్లూ అదే వ్యాసం రాస్తాడు. కాబట్టి వాటిని చివరి రెండు మూడు వారాలకు ఉంచుకుని, ఇప్పుడున్న వ్యవధిని వ్యాసానికే ఇవ్వండి.

అందరి వ్యాసాలూ ఒకేలా ఉండడానికి ఆ మూడు భాగాల చట్రం కారణం కాదు. అది ఏది ఎక్కడ రాయాలో చెబుతుందే తప్ప ఏం రాయాలో చెప్పదు. ఉదాహరణకు, ‘తరగతి గదిలోకి మొబైల్ ఫోన్లను అనుమతించవచ్చా?’ అని అడిగితే, ‘ఆధునిక కాలంలో మొబైల్ ఫోన్ల వలన అనేక లాభనష్టాలు కలవు’ అని మొదలుపెట్టే పిల్లలే ఎక్కువ. ఆ వాక్యంలో దోషం లేదు, అడిగినదానికి జవాబూ లేదు. మొబైల్ తీసేసి టెలివిజన్ అని పెట్టినా అది చెక్కుచెదరదు. అదే పిల్లవాడిని దగ్గరికి పిలిచి, ‘ఇంతకీ నువ్వేమంటావు, ఉండాలంటావా, వద్దంటావా?’ అని అడిగి చూడండి. ‘వద్దు టీచర్, ఒకరి ఫోను మోగితే అందరం అటే చూస్తాం’ అంటాడు. కావలసిన వాక్యం దొరికినట్టే. ‘ఒక్కరి ఫోను మోగినా పాఠం అందరికీ తెగిపోతుంది కనుక తరగతిలో ఫోను ఉండకూడదు’ అని రాయించండి. అందులో అభిప్రాయమూ కారణమూ రెండూ ఉన్నాయి కాబట్టి, తరువాతి పేరాలో ఏం రావాలో పిల్లవాడికి దానంతట అదే తెలుస్తుంది. మొదటి రెండు వారాలు పూర్తి వ్యాసం జోలికి పోకుండా, రోజుకొక ప్రశ్న ఇచ్చి ఇలాంటి వాక్యం ఒక్కటే రాయించినా నష్టం లేదు.

ఆ తరువాతే పేరా. ప్రతి కారణం దగ్గరా ‘ఎలా చెప్పగలవు?’ అని ఒకసారి, ‘అయితే ఏమిటి?’ అని మరొకసారి అడిగించే అలవాటు చేయండి. మొదటి ప్రశ్న ఆధారాన్ని రప్పిస్తుంది, రెండోది ఆ ఆధారాన్ని తీసుకొచ్చి అసలు అభిప్రాయానికి ముడివేస్తుంది. ఈ వయసు పిల్లలు సాధారణంగా రెండోదాని దాకా వెళ్లరు. అందుకే వారి పేరాలు కారణాల జాబితాలా మిగిలిపోతాయి. ఎనిమిదో తరగతి పిల్లల చేత ఎదుటివారి వాదనకు కూడా ఒక పేరా రాయించవచ్చు. ‘అత్యవసరమైతే ఇంటికి కబురు ఎలా?’ అన్న అభ్యంతరాన్ని వారే లేవనెత్తి వారే సమాధానం చెప్పాలి. ఆరో తరగతివారిని ఇప్పుడే దీనికోసం ఒత్తిడి చేయనక్కరలేదు.

ఇక గద్యభాగం సంగతి. చదివిన గద్యాన్ని నాలుగైదు వాక్యాల్లో సొంత మాటల్లో రాయించడం ఒక్కటి పెట్టుకుంటే, వ్యాసానికీ బహుళైచ్ఛిక ప్రశ్నలకూ కలిపి శిక్షణ ఇచ్చినట్టవుతుంది. రచయిత ప్రధానంగా ఏమన్నాడు, దేన్ని ఉదాహరణగా తెచ్చాడు అన్న తేడా తెలిసిన పిల్లలు, గద్యంలోని మాటలనే అటూ ఇటూ మార్చి ఇచ్చిన తప్పు ఐచ్ఛికాలకు అంత సులువుగా చిక్కరు. ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. అమెరికాలో స్టీవ్ గ్రాహమ్, డొలోరెస్ పెరిన్ 2007లో వెలువరించిన సమీక్ష, 4 నుంచి 12వ తరగతి వరకు విద్యార్థుల రచన మీద జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. ప్రణాళిక వేసుకోవడం, రాసినది సవరించుకోవడం ఎలాగో దశలవారీగా నేర్పడం, చదివినదాన్ని సంక్షిప్తంగా రాయించడం బాగా ఫలించినవాటిలో ఉన్నాయి. వ్యాకరణాన్ని విడి పాఠంగా చెప్పినందువల్ల మాత్రం రచన మెరుగుపడలేదు.

వ్యాసానికి నలభై నిమిషాలు ఇస్తారనుకుంటే, తొలి ఏడెనిమిది నిమిషాలు ప్రశ్నను రెండుసార్లు చదివి, అభిప్రాయాన్నీ కారణాలనూ చిత్తుకాగితం మీద పెట్టుకోవడానికి, చివరి ఐదు నిమిషాలు తిరిగి చదువుకోవడానికి పోవాలి. పిల్లలు ఈ రెంటినీ ఎగ్గొట్టాలనే చూస్తారు, కనుక తరగతిలో అభ్యాసం చేయించేటప్పుడు మొదటి ఏడు నిమిషాలు అసలు జవాబుపత్రమే ఇవ్వకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. ట్యూషన్‌లో ఇరవై వ్యాసాలు ఇచ్చి కంఠతా పట్టమన్నారు. పొడవుగా రాస్తేనే మార్కులు పడతాయని కూడా చెప్పారట. నిజమేనా?
– ఒక తండ్రి

జవాబు: పొడవు గురించిన మాట గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలో కళాశాల ప్రవేశం కోసం పెద్ద తరగతుల విద్యార్థులు రాసే ‘శాట్’ పరీక్షలో 2005లో 25 నిమిషాల వ్యాసాన్ని ప్రవేశపెట్టినప్పుడు, అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రచన బోధించిన లెస్ పెరెల్మన్ మార్కులు వేసిన నమూనా వ్యాసాలను పరిశీలించి, నిడివి పెరిగేకొద్దీ మార్కులు పెరుగుతున్నాయని చూపించారు. వాస్తవాలు తప్పుగా రాసినా మార్కులు తగ్గవన్న సంగతి కూడా అప్పట్లో చర్చకు వచ్చింది. 2016లో ఆ వ్యాసాన్ని ఐచ్ఛికం చేసి, ఇచ్చిన గద్యాన్ని చదివి అందులోని వాదనను విశ్లేషించేలా మార్చారు. 2021లో దాదాపుగా ఎత్తివేశారు. పొడవు గురించి నేననేది ఇంతే: చెప్పడానికి విషయం ఉన్నవారు సహజంగానే ఎక్కువ రాస్తారు, కాని ఎక్కువ రాసినంత మాత్రాన విషయం వచ్చిచేరదు.

కంఠతా పట్టిన వ్యాసం అడిగిన అంశానికి దగ్గరగా ఉంటే కొన్ని మార్కులు తేవచ్చు. గద్యం ఇచ్చి, అందులోంచే ఆధారాలు చూపమని అడిగే పరీక్షల్లో మాత్రం అది అక్కరకు రాదు. పైగా అమ్మాయి ప్రశ్నను చదవడం మానేసి, తనకు వచ్చిన ఇరవైలో ఏది సరిపోతుందా అని వెతకడం మొదలుపెడుతుంది. ఆ ఇరవై వ్యాసాలను పారేయనక్కరలేదు. ఒక్కొక్కదాన్నీ చదివించి, ఇది రాసినవారి అభిప్రాయమేమిటి, ఎక్కడ సరైన ఆధారం చూపలేదు అని అడగండి. కొన్నింటిలో అభిప్రాయమే లేదని తనే కనిపెడుతుంది.

ప్రశ్న: ప్రతి వ్యాసంలోనూ ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో దిద్దాలా? తరగతిలో నలభై మంది ఉన్నారు.
– మరో ఉపాధ్యాయుడు

జవాబు: అక్కరలేదు. పేజీ నిండా ఎర్రగీతలు చూసిన పిల్లవాడు మార్కులు చూసుకుని పుస్తకం మూసేస్తాడు. ఈ వారం అభిప్రాయం స్పష్టంగా ఉందా అన్నది మాత్రమే, వచ్చే వారం ఆధారాలు మాత్రమే చూడండి. అక్షరదోషాలను చివరి ప్రతిలో దిద్దవచ్చు. పరీక్షలో మార్కులు వేసే రూబ్రిక్‌ను, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికను, ముందే పిల్లల చేతికిచ్చి, పేరు తీసేసిన పాత వ్యాసం ఒకదానికి వారి చేతే మార్కులు వేయించండి. ఎందుకు అన్ని వేశారో వాదించుకోనివ్వండి. ఆ తరువాత వారి వ్యాసాన్ని వారే సవరించి, మార్చిన వాక్యాల కింద గీత గీసి తెచ్చిస్తే, మీరు ఆ వాక్యాలు మాత్రం చదివితే సరిపోతుంది.