డే కేర్ టీచర్లకు ఏమివ్వాలి అనే ముందు, ఆయమ్మకు ఏమిస్తున్నారు?

మీ పాప ఈ ఏప్రిల్‌తో డే కేర్ మాని బడిలో చేరుతోందని, ఇన్నాళ్ళూ చూసుకున్న ఇద్దరు టీచర్లకు రెండు వేల రూపాయలలో ఏమిస్తే బాగుంటుందని అడిగారు. మీ ప్రశ్నలో ఇద్దరు టీచర్లున్నారు గాని ఆయమ్మ లేదు. పాపకు డైపరు మార్చిన మనిషి, ముక్కు తుడిచిన మనిషి, వాంతి చేసుకుంటే గౌను విప్పి ఉతికి ఆరేసిన మనిషి చాలా డే కేర్లలో ఆయమ్మే. అందుచేత నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మీరు పెట్టదలచిన డబ్బులో మొదటి వాటా ఆమెది. హైదరాబాదులో మా పిల్లలిద్దరూ డే కేర్‌లోనే పెరిగారు, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ప్రసూతి సెలవు 2017 సవరణతో 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లలను చూసుకునే గది ఉండాలని కూడా ఆ సవరణే చెప్పింది. మాది అంతమంది లేని చిన్న ఆఫీసు. సెలవు ముగిసి నేను మళ్ళీ పనిలో చేరేనాటికి మా చిన్నవాడికి సరిగా కూర్చోవడం కూడా రాలేదు. ఏడాది దాటాక వాడు డే కేర్‌లో అన్నం ముట్టడం మానేశాడు. సాయంత్రం డైరీ తెరిస్తే "తినలేదు" అని ఒకే మాట ఉండేది. టీచరు మంచి ఆవిడే, కాని పదిమంది పిల్లల మధ్య ఒక్కడి నోరు తెరిపించే తీరిక ఆమెకు ఎక్కడిది?

ఒక సాయంత్రం గేటు దగ్గర ఆయమ్మ నన్ను ఆపి, "టాంకర్ ఒచ్చే యాళ్లకు పెడితే గిన్నె మొత్తం తింటుండు అక్కా. ఇంట్ల గూడ గట్లనే కిటికి కాడ పెట్టుర్రి" అని చెప్పింది. ఎండాకాలం కావడంతో ఎదుటి అపార్ట్‌మెంటుకు రోజూ మధ్యాహ్నం నీళ్ళ టాంకరు వచ్చేది. డ్రైవరు దిగి పైపు తగిలించి మోటారు వేయగానే వాడు ఊచలు పట్టుకుని నోరు తెరిచి చూస్తూ ఉండిపోయేవాడట. ఆమె చంకన ఎత్తుకుని, మెత్తగా పిసికిన పప్పన్నం చిన్న చిన్న ముద్దలు చేసి, పైపులో నీళ్ళు పోతున్నంతసేపూ ఒక్కొక్కటే పెట్టేది. టాంకరు ఆలస్యమైన రోజున వాడి గిన్నె పక్కన పెట్టి, మిగిలిన పిల్లలకు తినిపించి, అది వచ్చాకే వాడి దగ్గరికి వచ్చేది. ఆమెను ఎవరూ అలా చేయమనలేదు. ఆ పని ఆమె జీతంలో ఎక్కడా రాసి లేదు.

అదే ఏడాది ఉపాధ్యాయ దినోత్సవం వచ్చింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి దేశమంతా అలా జరుపుకుంటున్న సంగతి తెలిసిందే. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పిల్లకు ఐదు వందల చొప్పున వసూలు చేసి, టీచర్లందరికీ తలా ఒక పట్టు అంచు చీర, ఒక లక్ష్మీదేవి ఫ్రేము కొన్నారు. ఆ పెట్టెలను గేటు దగ్గరినుంచి పైకి మోసుకొచ్చింది ఆయమ్మ. కానుకలు విప్పాక కింద పడిన రంగు కాగితాలు ఏరి సంచిలో కుక్కిందీ ఆయమ్మే. ఆమె చేతికి ఏమీ రాలేదు. ఆ రాత్రి గ్రూపులో నేను అడిగితే, "ఆయాలను మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది కదండీ" అని జవాబు వచ్చింది. ఆ మాటకు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఈ సామూహిక వసూళ్ళ గురించి కూడా చెప్పాలి. డబ్బు ఇచ్చినవారి పేర్ల పక్కన టిక్కు పెట్టి ఆ జాబితాను రోజూ గ్రూపులో తిప్పుతారు. ఇద్దరు పిల్లలున్నవారు రెండింతలు కట్టాలి. ఫీజే రెండు వాయిదాల్లో కడుతున్న కుటుంబం ఆ జాబితా కింద టిక్కు లేకుండా మిగిలిపోతుంది. కృతజ్ఞత పేరుతో సాటి తల్లిదండ్రులను నలుగురిలో చిన్నబుచ్చే పద్ధతి ఇది. మీ గ్రూపులో వసూలు మొదలైతే మర్యాదగా తప్పుకొని, మీరివ్వదలచింది మీరే నేరుగా ఇవ్వండి.

ఆ తరువాత దసరా దగ్గర పడుతుండగా మేము ముగ్గురు తల్లులం కలిసి ఆయమ్మనే అడిగాము. చీర తీసుకొస్తామంటే ఆమె మొహమాటపడుతూనే, "చీరలు ఉన్నయ్ అక్కా, ఫాలు ఏసి జాకెట్ కుట్టించుడుకే చీరంత అయితది" అంది. ఆ మాటలో ఎంత నిజం ఉందో చీర కట్టేవారందరికీ తెలుసు. చీర ఇచ్చామని మనం తృప్తిపడతాము, దర్జీ ఖర్చు మాత్రం ఆమె మీద పడుతుంది. ఆమెకు కావలసింది వేరు: బతుకమ్మకు ఊరికి పోయేటప్పుడు ఇంటర్ చదువుతున్న కూతురికి ఒక కొత్త డ్రెస్సు. అందుకని కుట్టుకూలితో సహా డ్రెస్సుకు సరిపడే డబ్బు కవరులో పెట్టి, కవరు మీద ఆమె పేరు రాసి, మా పిల్లల చేతులతో ఇప్పించాము. అందుకే సెప్టెంబరు 5 కన్నా దసరా ముందు వారమే సరైన సమయమని నేను గట్టిగా నమ్ముతాను. డబ్బు అవసరం పండగప్పుడే ఉంటుంది. మీరు ఏప్రిల్‌లో వెళ్ళిపోతున్నారు గనుక మీకు ఆ వీలు లేదు, కాని ఈ జవాబు చదివే మిగతావారు గుర్తుంచుకోగలరు.

డబ్బు ఇస్తే అవమానం కాదా అని చాలామంది సంకోచిస్తారు. పెళ్ళిలో చదివింపులు కవరులో పెట్టి ఇచ్చినప్పుడు ఎవరూ అవమానపడరు. పర్సులోంచి తీసి నలిగిన నోటు చేతిలో పెడితేనే అది టిప్పు అవుతుంది. కొత్త నోట్లు, కవరు, పేరు, రెండు చేతులు ఉంటే అది గౌరవంగానే చేరుతుంది. టీచరుకు మాత్రం నగదు ఇబ్బందిగా అనిపించవచ్చు, ఆమెకు పుస్తకాల షాపు గిఫ్ట్ కార్డు గాని బట్టల షాపుది గాని నయం. సిబ్బంది కానుకలు తీసుకోకూడదనే నియమం కొన్ని చోట్ల ఉంటుంది. ఆ సంగతి ముందుగా డైరెక్టరును అడిగి తెలుసుకోండి, లేకపోతే మీ కానుక వల్ల వారికే మాట వస్తుంది.

చీరే ఇవ్వాలనుకుంటే నారాయణపేట నూలు చీర చూడడానికి ఎంత బాగున్నా, రోజంతా నీళ్ళలో పని చేసే మనిషికి గంజి, ఇస్త్రీ కోరే చీర బరువే. తొందరగా ఆరే పలచని చీర ఆమెకు ఎక్కువ పనికివస్తుంది. పసుపు కుంకుమలతో ఇచ్చే ముందు వారి ఇంటి ఆచారం కనుక్కోవడం మర్యాద. కప్పులు, కీ చెయిన్లు, "బెస్ట్ టీచర్" అని రాసిన గాజు బొమ్మలు వద్దు. ఏటేటా అవి పోగుపడి బీరువా మీదికి ఎక్కుతాయి. పిల్లల పాటలు పాడి పాడి గొంతు బొంగురుపోయే టీచరుకు వేడి నీళ్ళ స్టీలు ఫ్లాస్కు రోజూ అక్కరకు వచ్చే వస్తువు.

డబ్బుతో దాదాపు పని లేని కానుకలు రెండున్నాయి, అవే అన్నిటికన్నా విలువైనవని నా అనుభవం. మొదటిది ఫోటో. డే కేర్ వారు మనకు రోజూ పిల్లల ఫోటోలు పంపుతారు, కాని ఫోను పట్టుకున్న టీచరు గాని పిల్లను ఆడిస్తూ చట్రం బయట నిలబడిన ఆయమ్మ గాని వాటిలో కనిపించరు. మీ పాపను ఎత్తుకున్న ఆయమ్మను మీరే ఫోటో తీసి, ప్రింటు వేయించి, లామినేట్ చేసి ఇవ్వండి. రెండోది ఉత్తరం. "మీరు చాలా మంచివారు" అని కాకుండా, ఏ తేదీనుంచి ఏ తేదీవరకు మీ పాపను చూసుకున్నారో, ఏ పని ఎలా చేశారో పేరుతో సహా రాసి, మీ సంతకం, ఫోను నంబరు పెట్టండి. చిన్న డే కేర్లలో చాలామందికి నియామక పత్రం గాని అనుభవ పత్రం గాని చేతిలో ఉండదు. ఇంకొకచోట పని అడగడానికి వెళ్ళినప్పుడు అలాంటి ఉత్తరమే ఆమెకు ఆధారం. మా ఆయమ్మ ఆ టాంకరు సంగతి రాసిన ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, తరువాత చేరిన చోట చూపించానని చెప్పింది. దాని నకలు ఒకటి యజమానికి కూడా ఇవ్వండి. దసరాకు బోనసు ఇస్తున్నారా, వారానికి ఒక సెలవు ఉందా అని అప్పుడే అడగండి. ఫీజు కట్టే తల్లిదండ్రులు అడిగితే యజమాని వింటారు.

అంగన్‌వాడీలలో పనిచేసేవారికి ఇలాంటి హక్కు ఒకటి దక్కడానికే ఎంత కాలం పట్టిందో చూడండి. అంగన్‌వాడీలను నడిపే పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది, వారు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ తరువాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో వారు జీతం కోసం, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయవలసి వచ్చింది. ప్రైవేటు డే కేర్‌లో ఒంటరిగా పనిచేసే ఆయమ్మకు సంఘం కూడా లేదు.

ఇక మీ రెండు వేలు. ఆయమ్మకు వెయ్యి రూపాయలు కవరులో, ఫోటో, ఉత్తరం. ఇద్దరు టీచర్లకు తలా ఐదు వందలలో ఫ్లాస్కు గాని గిఫ్ట్ కార్డు గాని, దానితో పాటు చెరొక ఉత్తరం. ఆయమ్మకు సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి, చివరి రోజు ఆమె లేకపోతే కానుక ఆఫీసు టేబుల్ మీద వదిలిరాకుండా ఆమె ఉన్న రోజున పాపను తీసుకెళ్ళి ఇవ్వండి.