యూరియా వేసినా వరి పచ్చబడటం లేదా? జింక్ చూడండి

అన్నా, నాట్లేసి మూడు వారాలైనా పైరు ఎదగడం లేదు, పిలకలు రావడం లేదు, యూరియా వేసినా ఎర్రబారుతోంది అన్నారు కదా. మళ్ళీ యూరియా మాత్రం చల్లకండి.

ముందు ఒక దుబ్బు పట్టుకుని పైనుంచి మూడో, నాలుగో ఆకు చూడండి. మధ్య ఈనె పాలిపోయి, దానికి రెండు పక్కలా తుప్పు రంగు మచ్చలుండి, ఆకు వంచితే టప్పున విరిగితే అది జింక్ లోపమే. ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్‌లో 1966లో గుర్తించిన 'ఖైరా' అనే వరి తెగులు ఇదే. ఎప్పుడూ నీళ్ళు నిలిచే మళ్ళలో, చౌడు నేలల్లో, భాస్వరం ఎక్కువైన చోట మొక్కకు జింక్ అందదు. ఏటా భాస్వరం ఉండే డీఏపీ ఎరువు దండిగా వేసే మన అలవాటు కూడా ఇందుకు కారణమే.

లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, వారం తేడాతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. అందులో పురుగుమందు కలపొద్దు. వీలుంటే మడిలో నీళ్ళు తీసి కాస్త ఆరనివ్వండి. వచ్చే రబీకి ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయండి, కానీ డీఏపీతో కలిపి కాదు, రెండు మూడు రోజులు ఎడం ఇచ్చి.

మచ్చలు ఇలా లేకపోతే ఆకు ఫోటో పెట్టండన్నా, చూసి చెప్తాను.