సైనస్ కేసు మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

వచ్చే వారం నుంచి ఎండోస్కోపిక్ సైనస్ కేసులు (ముక్కులోంచి కెమెరా గొట్టంతో చేసే ఆపరేషన్లు) నువ్వే సొంతంగా చేస్తావట, మీ అమ్మ చెప్పింది. టెన్షన్‌గా ఉందన్నావట కూడా. ఉండనీ, ముక్కు ఆపరేషన్లో ఆ మాత్రం భయం మంచిదే.

ముందు సీటీ. రిపోర్టు చదివి ఊరుకోకు, ఫిల్ములు నువ్వే చూడు. ముక్కుకీ మెదడుకీ మధ్య అడ్డుగా ఉండే ఎముక, అదే క్రిబ్రిఫార్మ్ ప్లేట్, ఎంత కిందికి దిగింది? ఆ లోతుని కొలిచే కీరోస్ లెక్కలో 8 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే, పక్కనున్న పల్చటి ఎముక పొడుగ్గా నిలబడి ఉంటుంది. మెదడు చుట్టూ ఉండే నీరు కారేది ఎక్కువగా అక్కడ చెయ్యి జారినప్పుడే. కంటి పక్క గోడకి గండి ఉందా? ఓనోడీ సెల్ అనే వెనకవైపు గాలి గది ఉందా? ఉంటే కంటి నరం దాన్ని ఆనుకుని పోతుంది. అన్నిటికంటే వెనకుండే స్ఫీనాయిడ్ సైనస్‌లోని అడ్డుగోడ, మెదడుకి రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మీదికి అతుక్కుని ఉంటే మెలిపెట్టి పీకొద్దు, కొరికే ఫోర్సెప్స్‌తో కొంచెం కొంచెంగా తియ్యి. కుడివైపు బాగుందని ఎడమవైపూ అలాగే ఉంటుందనుకోకు.

రక్తం సంగతి మత్తు డాక్టరుతో ముందే మాట్లాడుకో. టేబుల్ తలవైపు 15 డిగ్రీలు లేపించు. ప్యాటీలు (రక్తం ఆపడానికి ముక్కులో పెట్టే దూది పట్టీలు) తడిపే 1:1000 అడ్రినలిన్‌నీ, సూదిమందునీ పక్కపక్కన పెట్టనివ్వకు. రెండూ నీళ్లలాగే కనిపిస్తాయి. పొరపాటున మొదటిది సూదిలోకి ఎక్కిందంటే గుండెకే ముప్పు. ఆ అడ్రినలిన్‌లో ఫ్లోరెసీన్ అనే రంగు వేయించు, పసుపు రంగు చూడగానే అందరికీ తెలుస్తుంది. తుడిచినకొద్దీ స్క్రీన్ ఎర్రబడుతుంటే ప్యాటీలు పెట్టి ఆగు. అప్పటికీ ఆగకపోతే కేసు అక్కడితో ముగించు. పాలిప్ (ముక్కులో పెరిగే మెత్తటి కండ) మిగిలితే మళ్లీ చేయొచ్చు, ఎవరూ నిన్ను తక్కువగా చూడరు. చూస్తే చూడనీ.

కళ్లు డ్రేపుతో కప్పొద్దు. అనుమానం వచ్చిన ప్రతిసారీ అసిస్టెంటుని కనుగుడ్డు మెల్లగా నొక్కమను. లోపల పక్కగోడ కదిలితే ఎముక పోయినట్టే. పసుపురంగు కొవ్వు కనబడిందా, డీబ్రైడర్ వెంటనే పక్కన పెట్టు. అది కోస్తూనే లోపలికి లాక్కుంటుంది. కంటి కండరం అందులో పడితే తర్వాత ఎవరూ పూర్తిగా సరిచేయలేరు.

కంటి వెనక రక్తం చేరి కన్ను ఉబ్బి రాయిలా గట్టిపడితే స్కాన్ కోసం ఎదురుచూడకు. ముక్కులో ప్యాకింగ్ తీసెయ్యి, కంటి డాక్టరుని పిలిపించు, ఆయన వచ్చేలోపు కాంథాటమీ (కంటి బయటి మూల కోసి ఒత్తిడి తగ్గించడం) నువ్వే మొదలుపెట్టు. చూపు కాపాడటానికి చేతిలో గంటా, గంటన్నరే ఉంటుంది. దానికి కావాల్సిన కత్తెర ట్రేలో ఉందో లేదో ముందే చూసుకో.

మొదటి కేసు సీటీ పేషెంటు పేరు చెరిపేసి వాట్సాప్‌లో పంపు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

మామయ్య