ఓడుతున్న టీమ్‌కి మేనేజర్‌ని మార్చాలా? ముందు ఆయన పక్కన ఎవరున్నారో చూడండి

"మా మహిళల ఫుట్‌బాల్ టీమ్ పోయిన సీజన్‌లో పైన ఉంది, ఈసారి కింద నుంచి రెండో స్థానంలో ఉంది. కమిటీలో సగం మంది మేనేజర్‌ని, అంటే హెడ్ కోచ్‌ని, వెంటనే పంపేద్దాం అంటున్నారు, మిగతావాళ్లు సీజన్ అయ్యాక చూద్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి?" అని మీరు అడిగారు. నేను దాదాపు మీలాంటి క్లబ్బులోనే సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలో, ఆడాను. మోకాలు మొరాయించాక అక్కడే కమిటీలో చేరాను. కాబట్టి మేనేజర్ని తీసేయడం డ్రెస్సింగ్ రూమ్‌లో ఎలా ఉంటుందో, మీటింగ్ టేబుల్ దగ్గర ఎలా ఉంటుందో రెండూ చూశాను. ఆ రెండు గదుల్లోనూ ఒకే మాట వినబడడం చాలా అరుదు లెండి.

మీరు చాలా వివరాలు రాశారు గానీ ఒకటి వదిలేశారు. ఆయన్ని పంపేస్తే మర్నాడు ప్రాక్టీస్ ఎవరు చేయిస్తారు? దానికి జవాబు లేకపోతే మిగతా వాదనంతా దండగ.

2024 అక్టోబర్‌లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ మహిళల టీమ్ పరిస్థితి ఇంచుమించు ఇదే. యూరప్ క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో జర్మనీ క్లబ్బు బయర్న్ చేతిలో 5-2తో ఓడింది, ఇంగ్లండ్ లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లకి ఒక్కటే గెలిచింది, స్టేడియంలో సొంత అభిమానులే విసుక్కుంటున్నారు. మేనేజర్ యోనాస్ ఐడెవాల్ రాజీనామా చేశాడు. అప్పటిదాకా అసిస్టెంట్‌గా ఉన్న రెనె స్లెగర్స్‌కి తాత్కాలికంగా బాధ్యత అప్పగించారు. బయటి నుంచి పెద్ద పేరున్న వాళ్లని హడావిడిగా తీసుకురాలేదు. టీమ్ కుదురుకుంది, 2025 జనవరిలో ఆమెనే ఖాయం చేశారు, మే నెలలో లిస్బన్‌లో బార్సిలోనాని 1-0తో ఓడించి ఆర్సెనల్ యూరప్ ఛాంపియన్ అయింది. చాలామంది దీన్ని "మేనేజర్‌ని మారిస్తే కప్పు వస్తుంది" అన్నట్టు చెబుతారు. నాకు కనబడేది వేరు. అమ్మాయిలందరూ ఆమెకి ముందే తెలుసు. ఎవరికి ఏ కాలు నొప్పి, ఎవరు గట్టిగా అంటే ముడుచుకుపోతారు, ఎవరికి గట్టిగా చెప్తేనే ఎక్కుతుంది, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

నెదర్లాండ్స్‌లోనూ అంతే. సొంత గడ్డ మీద యూరో (యూరప్ దేశాల టోర్నీ) ఏడెనిమిది నెలల్లో ఉందనగా, 2016 డిసెంబర్‌లో కోచ్‌ని తీసేశారు. అసిస్టెంట్‌గా ఉన్న సరీనా వీగ్‌మన్ పగ్గాలు అందుకుంది. 2017 యూరోలో ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచారు.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. 2025 మార్చిలో ఇంగ్లండ్ క్లబ్బే అయిన మాంచెస్టర్ సిటీ తన మహిళల టీమ్ మేనేజర్ గారెత్ టేలర్‌ని తీసేసింది. ఎప్పుడు? మరో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీతో లీగ్ కప్ ఫైనల్‌కి ఐదు రోజుల ముందు! ఆ తర్వాత కూడా వరుసగా చెల్సీతోనే మ్యాచ్‌లు. గతంలో అదే క్లబ్బుని నడిపిన నిక్ కుషింగ్‌ని తాత్కాలికంగా తెచ్చారు. ఆయనకి క్లబ్బు కొత్త కాదు, అయినా ఐదు రోజుల్లో ఎవరైనా ఏం మార్చగలరు? ఫైనల్ 2-1తో పోయింది. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లో మొదటి మ్యాచ్ 2-0తో గెలిచి, రెండోది 3-0తో ఓడి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపిన లెక్కలో వెనకబడి బయటికొచ్చారు. లీగ్‌లో నాలుగో స్థానంలో ఆగిపోయి, తర్వాతి ఏడాది ఛాంపియన్స్ లీగ్ బెర్తు కూడా పోగొట్టుకున్నారు. మేనేజర్‌ని మార్చడం తప్పో కాదో గానీ, ఆ వారం మాత్రం దానికి సరైన వారం కాదు.

సరే, మీ మేనేజర్ పక్క కుర్చీలో మంచి మనిషి ఉన్నారనే అనుకుందాం. అప్పుడు చూడాల్సింది: ఓటమికి కారణం నిజంగా మేనేజరేనా? స్కోర్లు చూసి ఇది తేల్చలేం. ప్రాక్టీస్‌కి వెళ్లి చూడాలి, అది కూడా చెప్పకుండా.

నేను ఆడే రోజుల్లో మాకొక మేనేజర్ ఉండేవాడు. మనిషి మంచివాడే, అందరితో బాగా మాట్లాడేవాడు. ఆ సీజన్‌లో మేం కార్నర్ల మీద (గ్రౌండ్ మూల నుంచి అవతలివాళ్లు కొట్టే కిక్కుల మీద) గోల్స్ ఇచ్చుకుంటూ పోయాం. అదీ అన్నీ ఒకే తీరులో. బంతి దగ్గరి పోస్టు మీదుగా వెనక్కి వచ్చేది, అవతలి పోస్టు దగ్గర వాళ్ల అమ్మాయి ఒక్కతే తీరిగ్గా నిలబడి తలతో కొట్టేది. మాలో సగం మంది మనిషికి మనిషిని పట్టుకునేవాళ్లు, సగం మంది జాగా కాసేవాళ్లు. ఎవరు ఏది చేయాలో ఎవరికీ తెలియదు. గోల్‌కీపర్ నా మీద అరిచేది, నేను లెఫ్ట్ బ్యాక్ మీద అరిచేదాన్ని. హాఫ్‌టైమ్‌లో ఆయన బోర్డు ముందు నిలబడి మార్కర్ మూత తీసేవాడు, పెట్టేవాడు, మళ్లీ తీసేవాడు. బోర్డు మీద ఒక్క గీత పడేది కాదు. "ఇంకొంచెం కసిగా ఆడండమ్మా, మీలో సత్తా ఉంది" అనేవాడు. కసి మాకు కావాల్సినంత ఉంది, ఎక్కడ నిలబడాలో తెలియకే చచ్చాం. మర్నాటి ప్రాక్టీస్‌లో కార్నర్ల ఊసే ఉండేది కాదు. గ్రౌండ్ చుట్టూ పరుగు, తర్వాత రెండు జట్లుగా ఆట, ఇంటికి.

అలాంటి మేనేజర్‌ని మార్చాల్సిందే. ఒకే తప్పు నెలల తరబడి జరుగుతుంటే, దానికి ప్రాక్టీస్‌లో మందు లేకపోతే, ఆయనకి ఇంకెంత టైమిచ్చినా ఫలితం అదే. మమ్మల్ని తర్వాత చూసుకున్నావిడ వచ్చిన వారమే మా ఐదుగురినీ గోల్ ముందు నిలబెట్టి, ఒక్కొక్కరి భుజం పట్టుకుని జరిపి, "ఇక్కడినుంచి ఇక్కడిదాకా నీది, దాటితే పక్కదానిది" అని చెప్పింది. వెంటనే గెలవడం మొదలుపెట్టామా అంటే లేదు. ఒకటి రెండు మ్యాచ్‌లు ఇంకా ఘోరంగా ఓడాం. కానీ ఎందుకు ఓడామో ఈసారి అందరం ఒకే మాట చెప్పగలిగాం. కమిటీవాళ్లు పట్టికలో చూడలేని తేడా ఇదే.

మీరు ప్రాక్టీస్‌కి వెళ్లినప్పుడు ఒకటి గమనించండి. నీళ్లు తాగడానికి ఆగినప్పుడు అమ్మాయిలు ఏం మాట్లాడుకుంటున్నారు? ఇప్పుడే చేసిన డ్రిల్ గురించి వాదించుకుంటుంటే మేనేజర్ మాట ఇంకా చెవికెక్కుతోందని అర్థం. ఫోన్లు తీసుకుని ఎవరికి వారు కూర్చుంటే, ఆయన మాటకి అక్కడ విలువ పోయినట్టే. ఇంకోటి, బెంచ్ మీదున్న వాళ్లని విడిగా అడగండి. పదకొండు మందిలో ఉన్నవాళ్లు మేనేజర్ గురించి ఎప్పుడూ మంచే చెబుతారు. తనని ఎందుకు ఆడించడం లేదో సబ్‌స్టిట్యూట్‌కి స్పష్టంగా తెలుసంటే ఆయన పనిమంతుడే.

ఫలితాలు ఎంత మోసం చేస్తాయో చెప్పడానికి రెండు పేర్లు చాలు. ఎమ్మా హేస్ 2012లో చెల్సీకి మేనేజర్‌గా వచ్చింది. మరుసటి ఏడాది ఎనిమిది జట్ల లీగ్‌లో చెల్సీ ఏడో స్థానం. మీ కమిటీయే అక్కడుంటే ఆమెని ఇంటికి పంపేసేది, ఏమనుకోకండి. 2015లో లీగ్, ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ రెండూ గెలిచింది, 2024లో వెళ్లిపోయేనాటికి ఏడు లీగ్ టైటిళ్లు. రెండోది ఆస్ట్రేలియా. టోనీ గుస్తావ్‌సన్ కోచ్‌గా వచ్చాక మొదటి రెండు మ్యాచ్‌ల్లో జర్మనీ చేతిలో 5-2, నెదర్లాండ్స్ చేతిలో 5-0. 2022లో ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియా చేతిలో ఓటమి, అదే ఏడాది స్పెయిన్‌తో 7-0. తీసేయమని గోల గోల చేశారు. తీసేయలేదు. 2023 ప్రపంచ కప్‌లో నాలుగో స్థానం, అంతకు ముందెన్నడూ ఆ జట్టు అంత దూరం వెళ్లలేదు.

గాయాల సంగతి కూడా లెక్కలో వేసుకోండి. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. తెగితే తొమ్మిది నెలలో, ఏడాదో పోయినట్టే. 2022-23లో ఆర్సెనల్‌కి మీడ్, మీడెమా, విలియమ్సన్, వీన్‌రోయిథర్ నలుగురూ ఒకే సీజన్‌లో ఇలా దూరమయ్యారు. అంత పెద్ద క్లబ్బుకే బెంచ్ నిండటం కష్టమైంది. చిన్న క్లబ్బులో ఉద్యోగం మారి ఒకరు, పరీక్షలని ఒకరు, మోకాలని ఒకరు పోతే మేనేజర్ చేతిలో ఏముంటుంది? పోయిన సీజన్ మీ మొదటి పదకొండు మందిలో ఇప్పుడు ఎందరు ఆడుతున్నారో రాసి చూడండి. సగం మంది లేకపోతే మీరు పోల్చేది రెండు వేర్వేరు టీముల్ని.

ఇదంతా ఆట గురించి. మేనేజర్ ప్రవర్తన మీద ఫిర్యాదు ఉంటే మాత్రం ఇదేదీ వర్తించదు. అవమానించడం, బెదిరించడం, హద్దు మీరడం లాంటివి. అప్పుడు గెలుస్తున్నారా ఓడుతున్నారా అన్న ప్రశ్నే రాకూడదు, సీజన్ అయ్యేదాకా ఆగడం అసలే కుదరదు. అమెరికా మహిళల లీగ్‌లో 2021లో ఇలాంటివి బయటపడ్డాయి. ఏళ్ల తరబడి ఫిర్యాదులు చేసినా పెద్దలు పట్టించుకోలేదని 2022లో వచ్చిన విచారణ నివేదిక తేల్చింది. స్పెయిన్‌లో 2022 సెప్టెంబర్‌లో పదిహేను మంది ఆటగాళ్లు ఫెడరేషన్‌కి ఫిర్యాదు చేస్తూ మెయిల్ రాసినా కోచ్ హోర్హే విల్డానే కొనసాగించారు, 2023లో ప్రపంచ కప్ గెలిచారు. "చూశారా, కోచ్‌దే రైటు" అనేవాళ్లు మీ కమిటీలోనూ ఉంటారు. కప్పు గెలవడం ఆ ఫిర్యాదుకి జవాబు కాదు. నెల తిరక్కుండానే ఆయన్ని తీసేశారు కూడా. ఫ్రాన్స్‌లో కెప్టెన్ వెండీ రెనార్ ఈ పద్ధతిలో నేను ఆడలేనని 2023 ఫిబ్రవరిలో తప్పుకుంది, మరో ఇద్దరు ఆమె బాటే పట్టారు. అంతకు ముందు ఏడాదే యూరో సెమీస్‌కి చేర్చిన కోచ్ కోరిన్ డియాకర్‌ని మార్చిలో తొలగించారు. జట్టు ప్రపంచ కప్ ఆడింది, క్వార్టర్స్ దాకా వెళ్లింది. ఆకాశం ఊడిపడలేదు.

మీ విషయానికొస్తే, పాత కెప్టెన్ ఇప్పుడు అసిస్టెంట్‌గా ఉందని ప్రశ్న చివర్లో ఒక ముక్క రాసి వదిలేశారు. నేనైతే అక్కడినుంచే మొదలుపెడతాను. అయితే ఓటింగ్‌కి ముందే ఆమెతో రహస్యంగా బేరం పెట్టకండి. అది మేనేజర్‌కి తెలియకుండా ఉండదు, తెలిశాక వాళ్లిద్దరూ ఒకే బెంచ్ మీద కూర్చోలేరు. ముందు మేనేజర్‌ని పిలిచి ఓటమికి ఆయన చెప్పే కారణం వినండి. "గాయాలు" అంటే సరే, "అమ్మాయిల్లో కసి లేదు" అంటే నాకు అనుమానం. ఫలానా చోట గోల్స్ ఇస్తున్నాం, దానికి ఈ వారం ఇది చేయిస్తున్నాను అన్నారంటే మాత్రం సీజన్ చివరిదాకా వదిలేయండి. రెండు మూడు వారాలు మ్యాచ్‌లు లేని విరామం క్యాలెండర్‌లో ఎక్కడుందో చూసుకుని, తీసేయాలనుకుంటే అప్పుడే తీసేయండి. ఆ రోజు ముందు ఆయనకి, తర్వాత కెప్టెన్‌కి, ఆ వెంటనే టీమ్ మొత్తానికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. మాకు మాత్రం వాట్సాప్‌లో తెలిసింది, బస్సు ఎక్కుతుండగా.