అరసవల్లి కిరణం కొట్టెయ్యి

శ్రీకాకుళం

అమ్మాయీ,

సన్నటి బంగారు రేణువులను లేజర్‌తో వేడెక్కించి కేన్సర్ కణాలను చంపే పద్ధతి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరా చాలా బాగుంది. దాన్నే కొట్టెయ్యమంటున్నాను.

అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో పొద్దుటి కిరణం సూర్యనారాయణస్వామి పాదాలను తాకినట్టు, లేజర్ వెళ్ళి కేన్సర్ కణాన్ని వెతికి తాకుతుందని రాశావు. ఒళ్ళు పులకరించిన మాట నిజమే. కానీ లేజర్ కింద మంచి కణం, చెడ్డ కణం పక్కపక్కనే ఉంటాయి. వెలుగు రెండింటి మీదా పడుతుంది, వేడెక్కేది బంగారం అంటుకున్నదే. మే నెల మధ్యాహ్నం డే అండ్ నైట్ జంక్షన్లో స్కూటర్ పెట్టి, పావుగంటాగి వచ్చి కూర్చో. నల్ల సీటు చురుక్కుమంటుంది. పక్కన చెట్టు ఆకు పట్టుకుంటే మామూలుగానే ఉంటుంది. ఎండ ఒక్కటే. ఈ పోలికలో భక్తి లేదు గానీ విషయం బోధపడుతుంది.

"పసుపుపచ్చగా మెరిసే రేణువులు" అన్నావు. అది కంసాలి కొట్లో బంగారం. 20 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) గుండ్రటి రేణువులు నీళ్ళలో దానిమ్మ రసంలా ఎర్రగా కనిపిస్తాయి. ఈ ఎరుపు గురించి శాస్త్రవేత్త ఫారడే 1857లోనే చెప్పాడు. అదే బంగారాన్ని సన్నటి కడ్డీల్లా తయారుచేస్తే, 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, కంటికి కనిపించని కాంతిని పీల్చి వేడెక్కుతాయి. ఆ కాంతికి రక్తం, నీరు పెద్దగా అడ్డుపడవు కాబట్టి ఒంట్లో కాస్త లోతుకి దిగుతుంది. అసలు కథంతా ఇక్కడుంటే నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు!

"మంచి కణాలకు ఏమీ కాదు" అనకు. 2006లో కడ్డీలకు యాంటీబాడీ (కేన్సర్ కణాన్ని పట్టుకునే ప్రొటీన్) తగిలించి ప్రయోగశాలలో చూస్తే, మంచి కణాలు చావడానికి పట్టే లేజర్ శక్తిలో దాదాపు సగానికే కేన్సర్ కణాలు చచ్చాయి. యాంటీబాడీ పట్టుకునే గ్రాహకాలు, అంటే కణం పైన ఉండే పట్టుకొమ్మల్లాంటి ప్రొటీన్లు, మంచి కణాల మీదా ఉంటాయి, కాకపోతే తక్కువ. మోతాదు పెంచితే అవీ పోతాయి.

ఒకప్పుడు నేనూ ఇలాంటిదే రాసి, "మందు వచ్చేసింది" అని హెడ్డింగ్ పెట్టాను. ఒకాయన ఆ కటింగ్ మడతపెట్టి జేబులో పెట్టుకుని ఆమదాలవలస నుంచి మా ఇంటికొచ్చాడు. భార్యకి జబ్బు. ఏ ఆస్పత్రికి వెళ్ళాలో చెప్పమన్నాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను గానీ నా దగ్గర జవాబు లేదు. అందుకే 2019లో ప్రోస్టేట్ కేన్సర్ మీద వెలువడిన ఫలితాల గురించి రాసినప్పుడు, అది 16 మందితో చేసిన తొలి పరీక్ష అని అక్కడే రాయి, చివర్లో చిన్న అక్షరాల్లో కాదు.

దిద్ది మళ్ళీ పంపు. కాయితం మీద పంపమ్మా, ఫోన్లో చదవడానికి నా కళ్ళు ఒప్పుకోవడం లేదు.